తుడవని బండ

మా బావకు కోపం వస్తే మాట్లాడడు. నాకు కోపం వస్తే వాడంతా వింటుంది. పెళ్ళయిన కొత్తలోనే మా అత్త ఈ సంగతి కనిపెట్టి, "ప్రభువు సరిగ్గానే జత చేసినాడు, ఒక నోరు ఇద్దరికి సరిపోతాది" అంది. ఆమె నాకు వరసకు మాత్రమే అత్త కాదు, మా నాయనకు సొంత అక్క. ఆమె కొడుకే నా బావ, నా మొగుడు.

మాది మార్కాపురం. అప్పట్లో కర్నూలు జిల్లా, పైన మద్రాసు ప్రభుత్వం. ఊరి బయట పలకల గనులు. ఏ దేశాన ఏ పిల్లకాయ అక్షరాలు దిద్దినా మా బండ మీదే దిద్దాలని మా వాళ్ళ గొప్ప. దిద్దేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు గానీ, ఆ బండల్ని తవ్వి, మోసి, చీల్చే మాలో చాలామందికి మాత్రం సంతకం రాదు. అది వేరే సంగతి.

గనిలో బావది చీల్చే పని. బండను నిలబెట్టి, అంచు మీద సన్నటి ఉలి ఆనించి, సుత్తితో తట్టాలి. సరిగ్గా తడితే పొర లేచి పలకయి చేతికొస్తుంది. ఉలి వెంట్రుకవాసి పక్కకు పడిందా, మూల విరిగిపోతుంది. మూల విరిగిన పలకను కొనేవాడెవడు? బావ చేతిలో మాత్రం ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు లేచేవి. బండలు మోసేవాళ్ళు ఎందరో ఉంటారు, చీల్చేవాళ్ళు కొద్దిమందే. అందుకని వాళ్ళకు తాటాకు పందిరి కింద, నీడలో, కూర్చునే చోటు ఉండేది. ఆ చోటంటే బావకు ప్రాణం. ఎవరైనా తెలియక అక్కడ కూర్చుంటే లేచేదాకా నెత్తిన నిలబడేవాడట, నోరు మాత్రం తెరవకుండా.

యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక పొద్దున, ఉలి కింద నుంచి బండ పెచ్చు లేచి అతని కుడికంట్లో దిగింది. ఆసుపత్రిలో ఆ కన్ను తీసేశారు. ఎడమ కన్ను బాగుంది, దానికేమీ భయం లేదన్నారు. గాయం మానింది గానీ బావ అరుగు దిగలేదు. అన్నం పెడితే తినేవాడు, పిలిస్తే పలికేవాడు, అంతే.

గని మేస్త్రీ మంచి మనిషి. ఇంటికే వచ్చి చెప్పిపోయాడు. "నీ చోటు ఎవురికీ ఇయ్యలేదబ్బాయ్. వానలు పడి గనిలో నీళ్ళు నిలిచేదాకా చూస్తా. ఆలోపల వచ్చి చీల్చినావా, చోటు నీదే. లేకుంటే మోతపని ఉండనే ఉంది."

బావ ఒక్కసారి పోయాడు. పొద్దున పోయినవాడు ఎండ ముదరకముందే తిరిగొచ్చాడు. ఉలి పెట్టిన ప్రతి పలకా విరిగిందట. విరిగినదాన్ని విరిగినట్టే గుంటలోకి విసిరేసి వచ్చేశాడట. ఈ మాట కూడా అతను చెప్పలేదు, వేరేవాళ్ళు చెబితే విన్నాను. ఆ తర్వాత గని పేరెత్తితే లోపలికి పోయి పడుకునేవాడు.

అట్లాంటి రోజుల్లో మా ఇంటికి గాలితుపాకి వచ్చింది.

మామ, అంటే బావ తండ్రి, మిషన్ బంగళాలో తోటమాలి. జామచెట్లను చిలకలు బతకనిచ్చేవి కావు. బంగళా దొరసాని మద్రాసు పోతూ పోతూ తన గాలితుపాకి మామ చేతిలో పెట్టి, చిలకల్ని చంపొద్దు, బెదిరించు చాలు అని చెప్పిందట. దాంతోపాటు సీసపు గుండ్ల డబ్బాలు మూడు ఇచ్చింది. మందూ మంటా లేని తుపాకి. గొట్టాన్ని మధ్యకు విరిచి, గుండు పెట్టి, మళ్ళీ మూస్తే లోపలి స్ప్రింగు గాలిని తోస్తుంది. మామకు చెయ్యి వణుకు, గురి ఎక్కడిది? ఒక సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి కొడుకు ముందు పెట్టాడు.

"చిన్నప్పుడు జొన్నచేలో ఒడిసెల తిప్పినావంటే రాయి చెప్పినచోట పడేది. దీని సంగతి చూడు నాయనా" అన్నాడు.

అర్ధవీడు దగ్గర మా తాతల చేలల్లో బావ ఒడిసెల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ రోజు బావ తుపాకి వైపు చూడనైనా చూడలేదు.

"ఒంటికన్నోడికి గురేంది నాయనా."

అత్త లోపల్నుంచి అందుకుంది. "తుపాకి కొట్టేవాళ్ళు ఎట్లాగూ ఒక కన్ను మూస్తారు గదరా! నీకు మూసే పని తప్పింది, అంతే గదా!"

మామ నోరు మూసుకోమని ఆమెను కసిరాడు. నాకు నవ్వాగలేదు. బావ మూతి కూడా ఒక పక్కకు కదిలింది. అది నవ్వో కాదో గానీ, లేచి తుపాకి పట్టుకున్నాడు.

పెరట్లో మట్టిగోడకు ఒక మందపాటి బండ ఆనించి ఉండేది, అంచు వంకరని గనిలో పారేస్తే అత్త బట్టలుతకడానికి తెప్పించుకున్నది. దాని నడుమ బలపంతో సున్నా గీశాను. బావ నిలబడి నాలుగైదు గుండ్లు కొట్టాడు. ఒకటి బండ అంచుకు తగిలింది, ఒకటి గోడలో దిగింది, ఒకటి ఎక్కడికి పోయిందో ప్రభువుకే తెలియాలి. తుపాకి గోడకానించి, నాకొక్కదానికే వినబడేటట్టు అన్నాడు.

"అంత పెద్ద బండకే గుండు తగిలించలేనోణ్ణి, వెంట్రుకంత సందున ఉలి యాడ పెడతానే?"

మాకొచ్చిన కష్టం అంతా ఆ ఒక్క మాటలో ఉంది. చిలకలు జామకాయలు తింటే తిననీ, నాకేం? ఈ తుపాకి దగ్గర ఇతను ఓడిపోయాడంటే ఇక పందిరి కిందికి పోడు. వానలొస్తాయి, చోటు పోతుంది, జీవితమంతా ఇట్లా అరుగు మీదే తల వంచుకుని కూర్చుంటాడు. అందుకని నా నోటికి మొదట వచ్చిన మాట అనేశాను.

"నీ కన్ను కాదు బావా, ఆ గుండ్లే చెడ్డవి."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది."

"మద్దెల ఓడో కాదో చూస్తేగా తెలిసేది! మూడు డబ్బాలు కలిపి కొట్టినావు. దేని గుణమేందో నీకేం తెలుసు?"

నిజానికి నాకూ తెలియదు. కానీ డబ్బాలు తెరిచి చూస్తే నేనన్నదాంట్లో కొంత నిజం ఉన్నట్టే కనిపించింది. ఒక డబ్బాలో గుండ్లకు మొన తేలి ఉంది. ఇంకో డబ్బాలోవి తల బల్లపరుపుగా, నడుము బిగించుకున్నట్టు పొట్టిగా ఉన్నాయి. మూడోదాంట్లోవి ఎప్పటివో పాతవి, బూజు పట్టినట్టు తెల్లగా పొడి రాలుతున్నాయి. వేటికవి పరీక్ష పెడదామన్నాను. బావ సరేననలేదు, వద్దనలేదు. మాట్లాడకుండా ఉన్నాడంటే నేను గెలిచినట్టే లెక్క.

మర్నాడు నేను తయారయ్యేలోపే పాత గుండ్ల డబ్బా మాయమైంది. చూస్తే అత్త వాటిని చింతపండుతో తోమి, కడిగి, చేటలో పోసి మిరపకాయల పక్కన ఎండబెట్టింది!

"ఏందత్తా ఈ పని?"

"బూజు పట్టిన వాటితో కొడితే ఎట్ల తగుల్తాయే? చూడు ఇప్పుడు, ఎండి మాదిరి మెరుస్తాండాయి."

మా ఊళ్ళో ఏది మాసినా చింతపండే మందు. చెంబయినా, దీపపు కుందె అయినా, ఇప్పుడు తుపాకి గుండయినా.

పెరట్లో నులకమంచం వేసి, దాని మీద రెండు ఇసుక మూటలు పెట్టి, వాటి నడుమ తుపాకి కదలకుండా ఆనించాను. చేతి వణుకు లెక్కలోకి రాకూడదని ఆ ఏర్పాటు. మొదట నేనే కొట్టాను, ఎందుకంటే బావ అరుగు మీద నుంచి లేవలేదు. జన్మలో తుపాకి ముట్టినదాన్ని కాదు. ఒక్కొక్క గుండు తగలగానే బండ దగ్గరికి పోయి, సున్నా నుంచి ఎన్ని వేళ్ళ దూరమో కొలిచి, గట్టిగా అరిచి చెప్పి, తడిగుడ్డకు బూడిద అద్ది ఆ సీసపు మచ్చను తుడిచేసేదాన్ని. బండ శుభ్రమయ్యాకే ఇంకొకటి. ఇట్లా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. పలకల ఊరి చేతులు మావి. బండ మీద ఏది పడ్డా చూసి తుడిచెయ్యడం తప్ప వేరేది తెలియదు.

మొన తేలిన గుండ్లు ఒకసారి రెండు వేళ్ళు, ఒకసారి జానెడు, వాటి ఇష్టం. అత్త తోమిన గుండ్లు మరీ దారుణం. వాటికి ఒంట్లో సత్తువంతా చింతపండుతోనే పోయినట్టుంది, కొన్ని గొట్టంలో వదులుగా జారిపోయాయి. ఒకటి ఏకంగా పక్కింటి కోళ్ళగంపకు తగిలి, పెద్ద గలాటా అయింది.

"పైన పటారం లోన లొటారం" అన్నాను.

"నన్నే అంటాండావా?" అంది అత్త చేట పట్టుకుని.

"గుండ్లను అంటన్నా అత్తా."

బల్లపరుపు తల గుండ్లు మాత్రం బుద్ధిగా పోయాయి. నా చేత కూడా ఒక వేలు, రెండు వేళ్ళు, మించలేదు. ఒకటైతే సున్నాలోనే పడింది. నేను గంతులు వేశాను. "చూసినావా బావా! నేను చెప్పలే? గుండ్లదే తప్పు!" అని చెయ్యి పట్టి లాక్కొచ్చి మంచం వెనక కూర్చోబెట్టాను. అతని ముఖంలో చాలా రోజుల తర్వాత ఒక ఆశ కనిపించింది. అది చూసి నేను ఇంకా పొంగిపోయాను.

అవే ఇసుక మూటలు, అవే మంచి గుండ్లు. బావ కొట్టాడు. పోయి కొలిచాను. నాలుగు వేళ్ళు.

"మొదటిది గదా" అని తుడిచేశాను.

రెండోది నాలుగు వేళ్ళు. తుడిచాను. మూడోది నాలుగు. నాలుగోది, గట్టిగా చెప్పాలనిపించక, వేళ్ళు దగ్గరికి నొక్కి కొలిచి, "మూడున్నర" అన్నాను. అయినా అతనికి తెలిసిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ముఖంలో ఆ ఆశ లేదు.

గుండ్లు చెడ్డవని చూపిద్దామని మొదలుపెట్టి, గుండ్లు మంచివేనని నేనే తేల్చాను. ఇక మిగిలిన తప్పు ఎవరిది? నా చేతులతో నేనే మొగుణ్ణి గోతిలోకి తోశానే అనిపించి ఏడుపొచ్చింది. ఏడుపు వస్తే నాకు దానికంటే ముందు కోపం వస్తుంది.

"తుడువు" అన్నాడు బావ, నేల చూస్తూ.

"తుడవను!"

"మచ్చ తుడువే."

"తుడిచి తుడిచి నా చెయ్యి పడిపోయింది. కావాలంటే నువ్వే తుడుచుకో!" అని ఆ తడిగుడ్డను గోడ మీంచి అవతలికి విసిరేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పాపం ఆ గుడ్డ ఏం చేసింది? బూడిద చెంబును కూడా తన్నాను.

బావకూ రోషం వచ్చింది. "నా తప్పులన్నీ చూడాలనుందా? సరే, కళ్ళారా చూడు" అన్నాడు. తుపాకి విరవడం, గుండు పెట్టడం, కొట్టడం. విరవడం, పెట్టడం, కొట్టడం. నేను కొలవడానికి పోలేదు. గోడ వైపు తిరిగి ముక్కు చీదుకుంటూ నిలబడ్డాను. బండ మీద టప్పు టప్పుమని చప్పుడు వినబడుతూనే ఉంది.

అప్పుడు అత్త పేడ తట్టతో పెరట్లోకి వచ్చింది. అరుపులు విని మమ్మల్ని తిట్టడానికి వచ్చిందే. కానీ బండ వైపు చూసి ఆగింది.

"ఏందిరా, అన్నీ ఆడనే కొడతాండావు? ఆడేముంది?"

బావ ఆగాడు. నేను తిరిగి చూశాను.

సున్నాకు ఎడమ పక్కన, కొంచెం కిందికి, గుండ్ల మచ్చలన్నీ ఒకే చోట ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పడి తెల్లగా మెరుస్తున్నాయి. ఆ మచ్చలన్నీ కలిపినా నా రెండు వేళ్ళ కింద దాగిపోతాయి. నేను సున్నా చుట్టూ అటొకటి ఇటొకటి కొట్టి గంతులేశానే, నాకంటే ఎంతో దగ్గర దగ్గరగా కొట్టాడు. ఎన్ని వేళ్ళ దూరమో కొలిచాను గానీ, ఎటు పక్కో ఒక్కసారైనా చూశానా! ఒక్కో మచ్చను ఎప్పటికప్పుడు తుడిచేస్తుంటే అవన్నీ ఒక చోటివని తెలిసేదెట్లా?

"బావా" అన్నాను. "నువ్వు తప్పడం లేదు బావా. తప్పితే ఇట్ల పడతాయా? నీ గురి ఉండనే ఉంది, పక్కింట్లో ఉంది, అంతే!"

అతను లేచి బండ దగ్గరికి పోయాడు. ఆ మచ్చలను బొటనవేలితో తడిమి చూశాడు. తర్వాత తిరిగి వచ్చి, తుపాకి కుడి భుజానికే ఆనించుకుని, తలను మాత్రం తుపాకి మీదుగా వంచి ఎడమ కంటితో చూశాడు. "ఇట్ల వంగుతాండాను గదా. తల వంగితే తుపాకీ వంగుతాది. అందుకే ఎడమకు పోతాంది" అని తనలో తను అనుకున్నాడు. ఈసారి సున్నాను చూడలేదు. సున్నాకు కుడి పక్కన, కాస్త పైన, వట్టి బండను చూసి కొట్టాడు.

సున్నాలో పడింది.

ఇంకొకటి కొట్టాడు. అదీ సున్నాలోనే. అత్త తట్ట కింద పడేసి "ప్రభువా, ప్రభువా" అంటూ చేతులు జోడించింది. నేను ఏడ్చాను, ఈసారి కోపం లేకుండానే.

సోమవారం పొద్దున బావ ఎవరికీ చెప్పకుండా ఉలి, సుత్తి తీసుకుని గనికి పోయాడు. నాకు పనేమీ తోచలేదు. ఎండ ముదిరింది. బావ రాలేదు. రాకపోవడమే మంచిదని నాకు నేనే చెప్పుకుంటూ, ఉడికిన సంగటిని మళ్ళీ ఉడికించాను.

పొద్దు వాలాక వచ్చాడు, నెత్తిన తువ్వాలు మూటతో. మూట విప్పి అరుగు మీద పరిచాడు. అన్నీ విరిగిన పలకలే.

"ఒక్కటి గూడా బాగా రాలేదా బావా?"

"రాలేదు" అన్నాడు. అని నవ్వాడు! కన్ను పోయిన తర్వాత పళ్ళు కనబడేట్టు నవ్వడం అదే మొదలు. "ఇట్ల చూడవే. అన్నీ ఎడమ మూలనే ఇరిగినాయి. ఒక్కటి గూడా వేరే పక్క ఇరగలేదు. మేస్త్రీ నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. ఇరిగినవి గుంటలో ఎయ్యకుండా వరసగా పేరుస్తాంటే."

నాకు అలవాటు చెడ్డది. పలకల మీద దుమ్ముందని కొంగు తీసి తుడవబోయాను. చెయ్యి పట్టుకున్నాడు. "తుడవొద్దు. రేపు ఉలి ఎంత ఇవతలకు పెట్టాలో ఈటిని చూసే లెక్క కట్టేది" అన్నాడు.

రెండో రోజు మూట తగ్గింది. మూడో రోజు ఇంకా తగ్గింది. విరిగినవి పారేయడమెందుకని అత్త వాటిని పెరట్లో అంట్లు తోమే చోట నేలకు పరవడం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి అక్కడ బురదలో జారుతున్నాం. ఆమెకు ఆ పని ఎంత నచ్చిందంటే, సాయంత్రమయ్యేసరికి మట్టి తడిపి పెట్టుకుని కొడుకు మూట కోసం ఎదురు చూసేది. ఇంకొక మూల మిగిలింది, నాలుగైదు ముక్కలుంటే అయిపోతుంది.

ఒక సాయంత్రం బావ ఉత్త తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. అత్త మట్టి చేతులతోనే లేచింది.

"యాడరా ముక్కలు? ఈ పొద్దు పనికి పోలేదా?"

"పోయినామ్మా."

"మరి?"

"ఏవీ ఇరగలేదు."

అత్త తడిపిన మట్టిని తీసుకుపోయి గోడ పగుళ్ళకు మెత్తింది. ఆ మూల పరవకుండానే మిగిలిపోయింది. వానాకాలం వస్తే ఇంటిల్లిపాదీ ఒక్కొక్కసారైనా అక్కడ జారి పడేవాళ్ళం, మరీ ముఖ్యంగా నేను. పడ్డప్పుడల్లా నా నోరు వాడంతా వినిపించేది గానీ, ఆ మూలకు నాలుగు ముక్కలు తెచ్చిపెట్టమని మాత్రం బావను నేను ఎప్పుడూ అడగలేదు.